కాలువపాలైన సీసా

తాడేపల్లిగూడెంలో సోమసుందరశాస్త్రిగారి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు తరచూ ఒక పొరపాటు పడేవారు. అవతలినుంచి "అలో" అని వినపడగానే, "శాస్త్రిగారూ, నమస్కారమండీ! మా ఇంటి గృహప్రవేశానికి ముహూర్తం చూడాలండీ" అని మొదలుపెట్టేసేవారు. ఫోన్ ఎత్తింది శాస్త్రిగారు కాదు, ఆయన మనవరాలు సింధూర. ఆరేళ్ల పిల్ల. గొంతు మాత్రం డెబ్బై ఏళ్ల పురోహితుడి గొంతంత బొంగురు. పిల్ల కూడా తక్కువదేం కాదు. "ఏ నెలలో కావాలండీ?" అని గంభీరంగా అడిగి, ఇక నవ్వు ఆగక ఫోన్ తాతగారి చేతిలో పెట్టి పారిపోయేది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వేవారు.

నవ్వడం తప్పని ఎవరూ అనరు. కానీ రెండేళ్లకు పైగా ఆ ఇంట్లో ఆ గొంతు గురించి నవ్వడం తప్ప మరొకటి జరగలేదు. అసలు బాధ అక్కడే ఉంది.

ఆ పిల్ల గొంతు పుట్టుకతో అలాంటిది కాదు. ఆ సంగతి శాస్త్రిగారికి బాగా గుర్తు. రెండేళ్లప్పుడు ఆయన సంధ్యావందనానికి కూర్చుంటే వచ్చి ఒళ్లో చతికిలబడేది. కేశవనామాలు ఆయనతోపాటు చెప్పేది. సగం నామాలు మింగేసేది, మిగిలిన సగం తనకు తోచినట్టు మార్చేసేది. అయితేనేం, ఆ గొంతులో జీర అన్నది ఉండేది కాదు. వీధిలో పాలవాడు సైకిలాపి మరీ విని వెళ్లేవాడు. ఆ పొద్దుటిపూటలు తలచుకుంటే శాస్త్రిగారికి ఇప్పటికీ ఒడి వెచ్చబడినట్టే ఉంటుంది.

మూడున్నరేళ్లు నిండాక గొంతులో కొద్దిగా గరగర మొదలైంది. శాస్త్రిగారి భార్య ఉమాకుమారి వెంటనే వైద్యం ప్రారంభించింది. వసకొమ్ము సానరాయిమీద అరగదీసి, తేనెలో కలిపి, రోజూ పొద్దున్నే పిల్ల నాలుకమీద రాసేది.

"మా విశ్వనాథానికీ ఇదే రాశానమ్మా. వాడిప్పుడు కాలేజీలో గంటలు గంటలు పాఠం చెప్పడం లేదూ?" అనేది కోడలితో.

కోడలు నాగశ్రీ ఎదురు చెప్పే మనిషి కాదు. వస పని చేయలేదు. శొంఠి వచ్చింది, మిరియాల కషాయం వచ్చింది. ఊళ్లో ఒక డాక్టరు ఎలర్జీ అన్నాడు, ఇంకొకాయన ఉబ్బసం అని నోట్లో కొట్టుకునే పంపు రాసిచ్చాడు. ఏడాదిన్నర ఆ పంపు కొట్టారు. ఒకనాడు మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే నాగశ్రీ పక్కన కూర్చుని విన్నది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు సన్నటి చప్పుడు.

"అత్తయ్యగారూ, గాలి లోపలికి వెళ్లేటప్పుడు చప్పుడొస్తోందండీ."

"పడిశమే. చలవ చేసిందంతే. కంగారుపడకు."

నాగశ్రీ ఊరుకుంది. కానీ వారం తిరక్కుండానే బడిలో ఆటల పీరియడ్‌లో పిల్ల పరుగెత్తి పరుగెత్తి ఆగిపోయింది. పెదవులు నీలంగా మారాయి. టీచరు ఫోన్ చేసిన అరగంటకు నాగశ్రీ పిల్లను ఎత్తుకుని ఏలూరు బస్సెక్కింది. అత్తగారిని అడగలేదు, మామగారికి చెప్పలేదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె ఎవరినీ అడగకుండా చేసిన మొదటి పని అదే. అదే ఆ పిల్లను బతికించింది.

ఏలూరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు గోపీనాథ్ మాట తక్కువ మనిషి. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతులోపలి బొమ్మ తెరమీద చూపించాడు. సాయంత్రానికి పిల్ల తండ్రి విశ్వనాథ్, శాస్త్రిగారు కూడా చేరుకున్నారు. మాట పుట్టే చోట, తెల్లగా రెండు తీగల్లా ఉండవలసిన చోట, లేత గులాబిరంగులో చిన్న ద్రాక్షగుత్తిలాంటిది వేలాడుతోంది.

"ఇది కేన్సర్ కాదండి. పులిపిరుల్లాంటివి. ఒక వైరస్ వల్ల వస్తాయి. చేతిమీద పులిపిరి వస్తే ఏం కాదు. ఇక్కడొస్తే గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. మత్తిచ్చి తీసెయ్యాలి. తీసినా మళ్లీ రావచ్చు. వచ్చినప్పుడల్లా తీయాలి. చాలామంది పిల్లల్లో పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది."

"ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు విశ్వనాథ్.

"ఎక్కువగా కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకి సోకుతుంది. తల్లికి ఏ బాధా ఉండదు, తనకుందని కూడా తెలీదు. ఈ వైరస్ లోకంలో ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, వాళ్లకి తెలీకుండానే పోతుంది. ఇప్పుడు ఆడపిల్లలకి వేసే టీకాల్లో కొన్ని దీన్ని కూడా ఆపుతాయి. ఎవరివల్ల వచ్చిందని వెతకడం మాత్రం దండగండీ."

డాక్టరు ఇన్ని మాటలు చెప్పాడు. శాస్త్రిగారి చెవిలో నిలిచింది ఒక్కటే మాట. తల్లినుంచి.

ఆపరేషన్ తరువాతి వారం జరిగింది. ఒంటిగంటకు డాక్టరు బయటికి వచ్చి, చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి, కాగితం ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. సీసాలో నీళ్లలాంటి మందు. అందులో మినపగింజ కన్నా కొంచెం పెద్దవి, నాలుగైదు ముక్కలు.

"పిల్ల బాగుందండి. అన్నీ తీసేశాను. అయితే ఒకచోట పొర మిగతావాటిలా లేదు, కాస్త గట్టిగా, తెల్లగా ఉంది. ఆ ముక్క కూడా దీంట్లోనే ఉంది. లాబ్‌లో చూస్తేనేగానీ అదేమిటో చెప్పలేను. ఏళ్లు గడిచేకొద్దీ ఈ కణాలు ఎక్కడో ఒకరిలో చెడ్డగా మారతాయి. పిల్లల్లో చాలా అరుదు. కానీ చూడకుండా అరుదులే అని కూర్చోకూడదు. ఇవాళే అందించండి."

ఇలాంటి సీసాలు రోగి తాలూకువాళ్ల చేతికే ఇచ్చి లాబ్‌కి పంపడం మన ఊళ్లలో మామూలే. విశ్వనాథ్ పిల్ల దగ్గర ఉండాలి. నాగశ్రీ లోపలుంది. సీసా శాస్త్రిగారి చేతికి వచ్చింది.

లాబ్ ఊరికి అవతలి చివర. ఆటో కోసం నిలబడి శాస్త్రిగారు కాగితం విప్పారు. ఇంగ్లీషులో వైరస్ పేరు రాసి ఉంది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని దాన్ని సెల్‌ఫోన్లో కొట్టి చూశారు. ఆ వైరస్ పెద్దవాళ్లలో ఒకరినుంచి ఒకరికి ఎలా సోకుతుందో ఫోన్ చెప్పింది. పడకటింటి సంగతి, ఇక్కడ విడమరచనక్కర్లేదు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆ లాబ్‌లో రోజూ ఎంతమంది ఈ కాగితం చూస్తారు? అందులో తాను పౌరోహిత్యం చేసే ఇళ్ల తాలూకువాళ్లు ఉండరని ఏముంది? శాస్త్రిగారి కోడలికి ఫలానా వైరస్ అట, అని రేపు ఎవరో ఒక పెళ్లిపందిట్లో గుసగుసలాడితే?

కాలువ వంతెన దగ్గర ఆటో ఆపమన్నారు.

వంతెన దిగి రేవులోకి వెళ్లారు. నలభై ఏళ్లుగా ఎందరి అస్థికలో ఆయన చేతిమీదుగా నీళ్లలో కలిశాయి. ఎందరు పిల్లల పుట్టువెంట్రుకలో గోదారిలో విడిచిపెట్టించారు. ఒంటినుంచి వేరుపడినదాన్ని నీటికి అప్పగించడమే మన ఆచారం. దాన్ని సీసాలో ఊరవేసి పదిమంది తడిమి చూడడమేమిటి? అలా అనుకుంటే ఆయన మనసుకు కాస్త నిబ్బరం కలిగింది. చెప్పులు విడిచారు. మూత తీయగానే ముక్కు అదిరిపోయే ఘాటు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కల్ని నీళ్లలో కలిపి, అలవాటుగా రెండు మాటల మంత్రం చెప్పి, సీసాను కూడా వదిలేశారు. కాగితం నాలుగు ముక్కలు చేసి దానివెంటే పంపారు. సీసా గుర్రపుడెక్క ఆకుల మధ్య కాసేపు తచ్చాడి వంతెన కిందికి వెళ్లిపోయింది.

"ఇచ్చారా నాన్నగారూ?" అని అడిగాడు విశ్వనాథ్.

"ఇచ్చాను."

"రసీదు?"

"రిపోర్టు వచ్చాక ఇస్తారట."

జీవితంలో ఆయన ఆడిన అబద్ధాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అందుకే దీన్ని ఎవరూ శంకించలేదు.

ఇల్లు చేరాక పిల్లకు పది రోజులు గొంతు తేటగా వచ్చింది. గుసగుసలా ఉన్నా తేటగా ఉంది. సంధ్యావందనం వేళకు మళ్లీ వచ్చి ఒళ్లో కూర్చుంది. శాస్త్రిగారు పాత రోజులు తిరిగి వచ్చాయనుకున్నారు. డాక్టరు మాత్రం ప్రతి మూడోరోజూ రిపోర్టు కోసం ఫోన్ చేస్తున్నాడు.

ఆ ఇంట్లో ఇంకోటి కూడా జరిగింది. ఎవరూ పైకి అనలేదు. ఉమాకుమారి పిల్లకు ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టింది. కొన్నాళ్లకు కోడలికీ ఒకటి. "నీకెందుకమ్మా శ్రమ, మడివంట నేను చూసుకుంటాలే" అని దేవుడి వంటకు నాగశ్రీని దూరంగా ఉంచింది. మాట మెత్తగానే ఉంది. నాగశ్రీ గడప ఇవతల నిలబడి కూరలు తరిగి ఇచ్చేది. తరిగిన కూరలు కూడా ఉమాకుమారి రెండుసార్లు కడిగేది. శాస్త్రిగారు అన్నీ చూస్తూనే పంచాంగం తిరగేసేవారు.

నాలుగో వారంలో విశ్వనాథ్ ఓపిక నశించి లాబ్‌కి వెళ్లాడు. రిజిస్టరులో సింధూర పేరే లేదు. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం కౌంటర్లో ఉన్నది జెస్సీ. ఇరవై రెండేళ్ల అమ్మాయి, చేరి ఏడాది కాలేదు. "శాస్త్రిగారన్నవాళ్లెవరూ రాలేదండీ. వస్తే రాసుకుంటానండీ" అంటుంది. కెమెరాలో పది రోజులకు మించి ఏదీ నిలవదు, ఆనాటిది ఎప్పుడో చెరిగిపోయింది. లాబ్ యజమాని విశ్వనాథ్‌తో అన్నాడు: "మీ నాన్నగారు ఇచ్చానంటే ఇచ్చినట్టేనండీ. ఆయన అబద్ధమాడతారా? ఈ అమ్మాయిని రేపటినుంచి రావద్దంటాను. అంతకుముందు ఆయన ఒక్కసారి వచ్చి ఈ పిల్లకే ఇచ్చానని చెప్తే సరిపోతుంది."

మర్నాడు తండ్రీ కొడుకులు ఏలూరు బస్సెక్కారు. శాస్త్రిగారు కిటికీ పక్కన కూర్చున్నారు. భీమడోలు దాటి గుండుగొలను దగ్గర బస్సు ఆగింది. అక్కడికి వచ్చినప్పుడల్లా ఆయన చూపు దానంతట అదే దక్షిణం వైపు మళ్లుతుంది. అటువైపు కొల్లేరు. ఆయన పుట్టింది ఆ కొల్లేటి లంకల్లో ఒకదానిలో. తండ్రి అక్కడి శివాలయంలో అర్చకుడు.

ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువుల గట్లు. అప్పుడు అంతా నీరే. మాఘమాసం పొద్దున దోనెలో వెళ్తుంటే పొగమంచులో ముందు పక్షుల అరుపు వినిపించేది, తరవాత పక్షులు కనిపించేవి. అభిషేకానికి తామరపువ్వులు దోనె అంచునుంచే కోసుకునేవాళ్లు. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే బురదలో జారుడాటలు ఆడేవాళ్లు. అన్నాలు తామరాకుల్లోనే. ఆ ఆకు వాసన కలిసిన వేడన్నం రుచి ఆయనకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఆ రోజుల్లో సీతాలు ఉండేది. ఆయన చెల్లెలు. ఆయనకు తొమ్మిదేళ్లు, దానికి ఐదు. దాని గొంతు బొంగురు. రేవులో నిలబడి "దోనె తే!" అని అరిస్తే అవతలి గట్టున ఉన్న దోనెవాడు నవ్వుకుంటూ వచ్చేవాడు. దానికి 'కొంగ' అని పేరు పెట్టింది తనే. ఆ పేరుతో పిలిస్తే అది కోపం తెచ్చుకునేది కాదు, రెండు చేతులూ చాపి ఎగిరినట్టు పరుగెత్తేది. కొన్నాళ్లకు పరుగెత్తడం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరూ అడగలేదు. ఒక వానాకాలంలో ఊపిరి అందలేదు. విభూతి పెట్టారు, తాయెత్తు కట్టారు. చివరికి దోనె ఎక్కించారు. కిక్కిసగడ్డి మధ్య దోనె సాగి సాగి గట్టు చేరేటప్పటికి మధ్యాహ్నమైంది. అప్పటికే అమ్మ ఒళ్లో సీతాలు చల్లబడిపోయింది.

కారణం మాత్రం ఊరంతటికీ తెలుసు! కడుపుతో ఉండగా గ్రహణంనాడు అమ్మ కత్తిపీట ముట్టుకుందట. నాయనమ్మ ఆ మాట అంది, నాన్న కాదనలేదు. ఆ తరువాత ముప్ఫై రెండేళ్లు బతికింది అమ్మ. ఏ పేరంటంలోనూ పసిబిడ్డను ఎత్తుకోలేదు. ఎవరైనా అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది. తాను పెద్దవాడై, వేదం చదివి, నలుగురికీ ధర్మం చెప్పేవాడై కూడా, "అమ్మా, నీ తప్పేం లేదు" అని ఒక్కనాడు అనలేదు.

"నాన్నగారూ, దిగాలి" అన్నాడు విశ్వనాథ్. ఏలూరు వచ్చేసింది.

లాబ్‌లో యజమాని కుర్చీ తెచ్చి వేసి, నమస్కారం పెట్టాడు. జెస్సీ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"తాతగారూ, నాకెంత ఆలోచించినా గుర్తు రావట్లేదండీ. మీరు ఇచ్చానంటే ఇచ్చే ఉంటారండీ. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాను. ఒప్పేసుకుంటానండీ. పాపకి మాత్రం ఏమీ కాకూడదండీ" అంది.

చేయని తప్పును ఆ పిల్ల నెత్తిన వేసుకుంటోంది. ఎందుకని? ఎదుటివాడు జంధ్యం వేసుకున్న పెద్దమనిషి గనుక. ఆయన మాటకూ తన మాటకూ పోటీ వస్తే తనది నిలవదని ఆ పిల్లకు తెలుసు గనుక. కత్తిపీట ముట్టుకోలేదని అమ్మ కూడా మొదట్లో చెప్పే ఉంటుంది. వినేవాళ్లు లేక తానే ఒప్పేసుకుని ఉంటుంది. శాస్త్రిగారు కుర్చీలోంచి లేచారు.

"నేను రాలేదమ్మా" అన్నారు. "ఆరోజు నేను ఇక్కడికి రానేలేదు. సీసా కాలువలో పారేశాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్లీ చెప్పవలసి వచ్చింది.

"ఎందుకు?" అన్నాడు విశ్వనాథ్. ఆ ఒక్క మాటే అన్నాడు.

"ఆచారం అనుకున్నాను. కాదురా. పరువు."

విశ్వనాథ్ తండ్రిమీద ఎన్నడూ గొంతు ఎత్తని కొడుకు. ఆరోజూ ఎత్తలేదు. ఆయన్ని అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. శాస్త్రిగారు జెస్సీ ముందు నిలబడి చేతులు జోడించారు. ఆ పిల్ల బెదిరిపోయి, "అయ్యో, అలా చేయకండీ తాతగారూ" అంటూ ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది.

అక్కణ్ణుంచి శాస్త్రిగారు డాక్టరు గోపీనాథ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పారు. డాక్టరు అన్నాడు: "అయిందేదో అయిందండి. మళ్లీ మత్తిచ్చి చూడాలి. ఎలాగూ మళ్లీ మొలుస్తున్నాయి, మొన్న ఫోన్లో గొంతు వింటేనే తెలిసింది. కానీ ఆ ముక్క ఉంటే ఇంకో రెండు మూడు నెలలు ఆగేవాడిని. అంత చిన్న గొంతులో ఊరికూరికే గీకితే మచ్చ కట్టి బిగుసుకుపోతుంది. మీ సీసా ఖరీదు ఆ పిల్ల కడుతుందండీ శాస్త్రిగారూ."

ఆ మాట ఆయన జన్మలో మరచిపోలేదు.

ఇంట్లో నాగశ్రీ అంతా విన్నది. ఏడవలేదు. వంటింటి గడప ఇవతలే నిలబడి అడిగింది: "మావయ్యగారూ, ఒక్కటి చెప్పండి. నామీద అనుమానంతో పారేశారా? నన్ను నలుగురి నోళ్లలో పడకుండా చూడాలని పారేశారా?"

రెండోది అనేస్తే సరిపోయేది. ఆ అబద్ధానికి ఆయనకు నోరు రాలేదు.

"అనుమానమేనమ్మా" అన్నారు.

నాగశ్రీ తల ఊపి, పిల్లకు జడ వేయడానికి వెళ్లింది. ఆ తరువాత నెల రోజులు ఆమె ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. వేళకు కాఫీ మాత్రం ఇచ్చేది.

రెండో ఆపరేషన్ జరిగింది. ఈసారి సీసా శాస్త్రిగారికి ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వరని ఆయనకూ తెలుసు. విశ్వనాథ్ తానే తీసుకెళ్లి, రసీదు తెచ్చుకున్నాడు. వారానికి లాబ్‌నుంచి కబురు వచ్చింది. అక్కడ ముక్కల్ని పరీక్షించే డాక్టరమ్మ శ్రావ్య. శాస్త్రిగారు కూడా వెంట వెళ్లి, వాకిట్లో నిలబడి, "నేనూ ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగారు. ఆవిడ మైక్రోస్కోపు ముందు స్టూలు వేసింది.

"అదిగోండి, వేళ్లు చాపినట్టు కనిపిస్తున్నాయి కదా, పులిపిరి లోపల అలా ఉంటుంది. ప్రతి వేలు మధ్యలోనూ సన్నటి రక్తనాళం. ఇప్పుడు పై పొర చూడండి. కొన్ని కణాల్లో మధ్య చుక్క ముడుచుకుపోయి, చుట్టూ తెల్లగా ఖాళీ ఉంది. వైరస్ దూరిన కణాలు అలా అవుతాయండి."

శాస్త్రిగారు ఒక కన్ను మూసి చూశారు. ఊదారంగు, గులాబిరంగు కలిసిన మైదానంలో తెల్లటి గూళ్లు కట్టుకున్నట్టు ఉన్నాయి ఆ కణాలు. ఇందులో ఎవరి పాపమూ రాసి లేదు. ఎవరి నడతా రాసి లేదు.

"డాక్టరుగారు అనుమానించిన ముక్క ఇది" అని ఆవిడ అద్దం జరిపింది. "కింద వరసలో కణాలు బారు తీరి ఉండాలి. ఇక్కడ కొంచెం తోసుకున్నట్టున్నాయి, చూశారా? చెడ్డ మార్పు తొలిమెట్టు మీద ఉందన్నమాట. కేన్సర్ కాదు. చాలామందిలో ఇక్కడితోనే ఆగిపోతుంది. కానీ మూడు నెలలకోసారి చూడాలి. తీసిన ప్రతిసారీ ముక్క ఇక్కడికి రావాలి. అప్పుడే తేడా తెలుస్తుంది."

"అమ్మా, నా చెల్లెలికీ ఇలాగే ఉండేది గొంతు. అరవై ఏళ్ల క్రితం పోయింది. ఇదే అంటారా?"

"చూడకుండా ఎలా చెప్పనండీ?" అంది డాక్టరమ్మ మెల్లగా.

శ్రావణంలో శాస్త్రిగారి తల్లి ఆబ్దికం వచ్చింది. పొద్దున పది గంటలకే చుట్టాలు చేరారు. భోక్తలు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. పెంటపాడునుంచి వరసకు పిన్నిగారు నాగరత్నం వంట సాయానికి వచ్చింది. ఉమాకుమారి ఆవిడనే పిలిపించింది. నాగశ్రీ వాకిట్లో కూర్చుని విస్తళ్లు తుడుస్తోంది.

"కోడలుండగా నేనెందుకే? వంట్లో బాలేదా?" అంది నాగరత్నం. తరువాత గొంతు తగ్గించి, "అమ్మాయిదీ ఏదో తల్లినుంచి వచ్చిన జబ్బటగా?" అంది. తగ్గించిన గొంతు హాలుదాకా వినిపించింది. నాగశ్రీ చేతిలో విస్తరి ఆగిపోయింది.

పీటమీద కూర్చోబోతున్న శాస్త్రిగారు నిలబడ్డారు.

"ఆ మాట నేను చెప్తాను వినండి పిన్నిగారూ" అన్నారు. "సింధూర గొంతులో వైరస్ వల్ల కాయలు వచ్చాయి. పుట్టేటప్పుడు సోకింది. ఆ వైరస్ ఎవరికైనా ఉండొచ్చు, నాకూ మీకూ కూడా ఎప్పుడో వచ్చిపోయి ఉండొచ్చు. పిల్ల ఊపిరి చప్పుడు విన్నది తల్లి. ఆస్పత్రికి తీసుకెళ్లింది తల్లి. పరీక్షకి పంపిన ముక్కని కాలువలో కలిపింది నేను. దానివల్ల పిల్లకి ఇంకో ఆపరేషన్ అయింది. ఇవాళ ఎవరి తద్దినం? మా అమ్మది. చెల్లెలు పోతే మా అమ్మకి గ్రహణం అంటగట్టాం. ఆవిడ ముప్ఫై రెండేళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని బతికింది. ఇప్పుడు నా కోడలికి వైరస్ అంటగట్టి గడప బయట నిలబెట్టాం. మా అమ్మకి ఇంకోసారి ఆ అవమానం చేసి, ఆవిడ పేరుమీద పిండం పెట్టలేను. ఇవాళ వంట నాగశ్రీ చేస్తుంది. ఇష్టంలేనివాళ్లు భోజనానికి ఉండక్కర్లేదు."

కాసేపటికి ఒక దాయాది కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. భోక్తల్లో పెద్దాయన దగ్గి, "మాకేం అభ్యంతరం లేదమ్మా. కాస్త వేడివేడిగా పెట్టు" అన్నాడు. ఉమాకుమారి తలెత్తలేదు. దండెంమీద ఆరేసిన మడిచీర కర్రతో తీసి, గడప దాటి వచ్చి, కోడలి చేతికి అందించింది. నాగశ్రీ మామగారివైపు ఒక్కసారి చూసి స్నానానికి లేచింది.

కార్యక్రమమంతా సవ్యంగా జరిగింది. భోజనాలయ్యాక అందరూ వెళ్లారు గానీ నాగరత్నం వెళ్లలేదు. తాంబూలం చేతిలో పట్టుకుని ఇటూ అటూ తచ్చాడి, చివరికి శాస్త్రిగారి దగ్గరికి వచ్చింది.

"మా మనవడికీ ఏడాదిగా గొంతు బొంగురే నాయనా. పాల వయసునుంచీ ఊపిరికి ఆయాసం. కోడలికి చెడ్డపేరొస్తుందని మా అబ్బాయి ఎక్కడా చూపించనివ్వలేదు. మేమూ ఊరుకున్నాం" అంది.

శాస్త్రిగారు కాగితం తీసుకుని డాక్టరు గోపీనాథ్ చిరునామా రాసి, ఆవిడ చేతిలో పెట్టి అన్నారు:

"రేపు పొద్దున్న మొదటి బస్సుకే తీసుకెళ్లండి పిన్నిగారూ. బిడ్డకి జబ్బు చేస్తే చూడవలసింది బిడ్డ గొంతు, తల్లి నడవడి కాదు."